బల్బు లేని నెల

ఆ రోజుల్లో బెజవాడలో అద్దెకుండే మనిషి ఎలాంటివాడో తెలియాలంటే అతని గదిలో ఎన్ని బల్బులున్నాయో అడిగితే చాలు. ఇల్లంతటికీ ఒకటే మీటరు, ఆ ఇంట్లో రెండో మూడో వాటాలు, రెండు నెలలకోసారి వచ్చే కరెంటు బిల్లుని ఎవరి బల్బుల లెక్కన వాళ్లు పంచుకోవడం రివాజు. టేబుల్ ఫ్యానుంటే రెండు బల్బుల కింద లెక్క. (రేడియో కూడా ఒక బల్బేనని ఒప్పించడానికి జరిగిన తగాదాలు రాస్తే అదో గ్రంథం.) నేను గుణదలలో ఒక ఇంటి వెనక గదిలో రెండేళ్లపాటు ఒంటి బల్బు మనిషిగా బతికాను. వన్‌టౌన్‌లో హోల్‌సేల్ బట్టల కొట్లో గుమస్తాని. మా నాన్నది మైలవరంలో పప్పుల కొట్టు. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ చెప్పుకునేది, అదేదో గొప్పయినట్టు.

ఇంటావిడ రిటైరైన టీచరమ్మ గారు. ఆదివారం చర్చికి వెళ్లే వేళ తప్ప వరండాలో కుర్చీ వదిలేవారు కారు. ముందు వాటాలో బస్సు కండక్టరు గారి కుటుంబం. ఆయన బస్సులో ఎలా ఉండేవారో నాకు తెలియదు గానీ, ఇంట్లో అందరికీ టిక్కెట్లు కొట్టేది మాత్రం ఆయన భార్యే. ఆవిణ్ణి నేను అక్కగారూ అనేవాణ్ణి, భయం కొద్దీ.

ఇంతలో నాకు పెళ్లి కుదిరింది. సత్యనారాయణపురంలో రెండు గదుల ఇల్లు దొరికింది. దొరికింది అంటే, శనివారం సాయంత్రంలోగా యాభై రూపాయలు అడ్వాన్సు ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఆ ఇంటాయన చెప్పేశాడు. నా దగ్గరున్న యాభై రూపాయలు నా దగ్గర లేవు, టీచరమ్మ గారి దగ్గర అడ్వాన్సుగా ఉన్నాయి. బిల్లు రావడానికేమో ఇంకా మూడు వారాలుంది. బిల్లు తేలకుండా అడ్వాన్సు తిరిగిచ్చిన ఇంటివాళ్లు బెజవాడలో అప్పటికి పుట్టలేదు.

ఇలాంటి ఇరకాటం వస్తుందని పెళ్లి కుదిరిన రోజే ఊహించి, నెల ముందే పథకం వేసి ఉంచాను. గదిలో బల్బు విప్పేసి, పంచెలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచాను. బల్బు లేకపోతే వాటా లేదు, వాటా లేకపోతే అడ్వాన్సు పట్టుకోవడానికి సాకు లేదు! సాయంత్రాలు వరండాలో కూర్చుని పేపరు చదివాను, కాబోయే మామగారికి ఉత్తరాలు రాశాను. (కాబోయే భార్యకి రాసే ధైర్యం లేదు.) వరండా బల్బు టీచరమ్మ గారి లెక్కలోది.

శనివారం మధ్యాహ్నం రిక్షాలో సామాను సర్దించి, టీచరమ్మ గారి దగ్గరికెళ్లి అడ్వాన్సు అడిగాను. "బిల్లు రానీ అబ్బాయ్, పట్టుకుని ఇచ్చేస్తాను" అన్నారావిడ.

"పట్టుకోవడానికేముందండీ? నెల రోజులుగా నా గదిలో బల్బే లేదు. కావాలంటే చూడండి" అని ఆవిణ్ణి తీసుకెళ్లి ఖాళీ హోల్డరు చూపించాను. అదృష్టం కొద్దీ దానికో సాలెగూడు కూడా పట్టింది. "అంతకుముందు నెలకి ఒకటిన్నర అవుతుంది, ఇదిగో, ఇప్పుడే ఇచ్చేస్తాను."

గుమ్మంలోంచి కండక్టరు గారి భార్య అందుకుంది. "బల్బు లేదా తమ్ముడూ? మరి రోజూ వరండాలో పేపరు తిరగేసిందెవరు, ఆ సాలీడా?"

ఇల్లు పోయిందనే అనుకున్నాను. టీచరమ్మ గారు లోపలికి వెళ్లి ఐదు పది రూపాయల నోట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ముందు ఆ ఇల్లు దక్కించుకో. పెళ్లి పెట్టుకుని ఎక్కడ తిరుగుతావ్?" ఒకటిన్నర కూడా తీసుకోలేదు.

నాకు సంతోషం కలగాలి గదా, కలగలేదు. అడగ్గానే ఇచ్చారంటే మనం ఎక్కడో దెబ్బతిన్నామని మా కొట్లో లెక్క. రిక్షాలో దారంతా నోట్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. మంచివే.

పెళ్లయ్యాక, బిల్లు వచ్చుంటుందని ఓ ఆదివారం మా ఆవిణ్ణి తీసుకుని వెళ్లాను. దారిలో నా బల్బు పథకమంతా గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వలేదు, ఊఁ కొట్టింది.

టీచరమ్మ గారు కాఫీ ఇచ్చి మా ఆవిడతో అన్నారు: "మీ ఆయన మొహమాటస్తుడమ్మా. గదిలో బల్బు మాడిపోతే పెళ్లి ఖర్చుల్లో పడి కొనుక్కోలేకపోయాడు. అడిగితే చిన్నబుచ్చుకుంటాడని నేనూ అడగలేదు. ఎనిమిదింటికి ఆర్పేసే వరండా లైటు ఆ నెలంతా పదింటిదాకా ఉంచాను."

జేబులోంచి ఐదు రూపాయలు తీశాను. "తీసుకోండి టీచరమ్మ గారూ."

"నీ వాటా ఒకటిన్నరే."

"పోనీ నాలుగు."

"ఒకటిన్నర."

"మూడున్నరకి ఖాయం చేయండి, మీ మాటా కాదు, నా మాటా కాదు!"

నా జన్మలో ఎదురు బేరం ఆడింది అదొక్కసారే. కండక్టరు గారి భార్య గుమ్మం పట్టుకుని నవ్వుతోంది. "తీసుకోండి టీచరమ్మ గారూ, ఈ చెయ్యి ఇచ్చే రోజు మళ్లీ రాదు!"

అప్పుడు మా ఆవిడ కప్పు కింద పెట్టి, నేల చూపులు చూస్తూ మెల్లగా అంది: "బల్బు మాడలేదండీ. మా ట్రంకు పెట్టెలో ఉంది."

టీచరమ్మ గారు కళ్లజోడు తీసి చెంగుతో కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. నవ్వు ఆగాక చెయ్యి చాచారు. "అయితే ఐదూ ఇలా ఇవ్వు."

ఇచ్చాను. పైసా తగ్గించమనలేదు. అంత తేలిగ్గా నా జేబు దాటిన డబ్బు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ తర్వాత మేం నాలుగిళ్లు మారాం. ఖాళీ చేసిన ప్రతిసారీ ఇంటివాళ్లతో ఆఖరి బిల్లు తేల్చుకునే పని మా ఆవిడే చూసుకుంది. నన్ను సామాను కాపలాకని రిక్షా దగ్గర నిలబెట్టేది. బేరాల్లో ఆరితేరిన వాణ్ణి, వీధిలో నిలబడి మంచపు కోళ్లూ బిందెలూ లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి. ఆ పనిలో మాత్రం ఎవరూ నాకు వంక పెట్టలేదు.