అత్త చూడాలనుకున్న బాతులు

భీమిలి ఏటి మొగ దగ్గర పక్షుల్ని చూడ్డానికి ఇనుప మంచె కట్టారన్న కబురు మొదట మా చిన్నాడపడుచు తెచ్చింది. కింద పాలరాతి పలక, దానిమీద కట్టించినవారి పేర్లు, పక్కన పెద్ద బాతు బొమ్మ ఉన్నాయట. బాతులు మాత్రం లేవట. నాకు నవ్వొచ్చింది గానీ అది మంచి నవ్వు కాదు, భగవంతుడు క్షమించాలి.

తొంభైల్లో, దీపావళి వెళ్ళి చలి తగులుతుందనగా, ఏరు సముద్రంలో కలిసే ఆ బురద మేటలమీద ఉల్లంకి పిట్టలు దిగేవి, వాటి వెనక తలమీద నల్లచారలున్న పెద్ద బాతులు. మావారు పోర్టులో పనికి బస్సెక్కిపోయాక నేనూ అత్తా అక్కడికి పోయేవాళ్ళం. బడి మొహం చూడని నాకు నాన్న ఇంట్లోనే అక్షరాలు నేర్పితే, పిట్టల్ని చూడడం అత్త నేర్పింది. ఉత్తచేతులతో పోకూడదనేది. చింతపండులోంచి గింజలు తీసే పనేదో చేసుకుంటూ, వాటివైపు సగం వీపు పెట్టి కూర్చుంటే, మనల్ని లెక్కచెయ్యక మేసుకుంటూ దగ్గరికొచ్చేవి.

రెండువేలు దాటాక ఆమె కళ్ళు మసకబారాయి. ఇక చూపు నిలవదని డాక్టరు చెప్పేశాడు. బాతుల్ని దగ్గరగా ఒక్కసారి చూస్తే చాలనుకుంది. పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాం. అవి మేస్తూ మేస్తూ ఆమె కంటికి ఆనేంత దూరానికి వస్తుండగా విశాఖ నుంచి వ్యానులో పక్షిప్రేమికులు దిగారు. ప్రేమికులట! టోపీలు, మెడలో బైనాక్యులర్లు, ఉప్మా పొట్లాలు, ఒకరినొకరు పిలుచుకునే కేకలు. తలవంచి మేస్తున్న బాతులు వీడియోలో బాగుండవని వాళ్ళలో పెద్దమనిషి బురద అంచుదాకా వెళ్ళి చప్పట్లు కొట్టాడు. గుంపు మొత్తం లేచిపోయింది.

అత్త గింజలు తీయడం ఆపి, "బాబూ, మీ ఇంటికాడ బువ్వ తింతన్నోళ్ళనీ ఇలాగే సప్పట్లు కొట్టి లేపుతారేటి?" అంది.

"ఎగిరితేనే కదమ్మా అందం," అన్నాడాయన, కెమెరా వైపే నవ్వుతూ.

ఆ ఏడు అవి మళ్ళీ దిగలేదు. మరుసటి కార్తీకానికి ఆమెకు చూపు లేదు. ఆ పెద్దమనిషికి ప్రకృతి సేవకని ఏదో సభలో శాలువా కప్పారని పేపర్లో చదివాను. చదవడం వచ్చినందుకు విచారించింది ఆ రోజొక్కటే.

అత్త మాత్రం ఏటా నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకొచ్చి, ఉల్లంకుల కూత వినబడితే చాలు, వినిపించిన దేవుడికి దణ్ణం పెట్టుకునేది. అంత మంచితనం నాకబ్బలేదు. అలాంటి మనిషి పక్కన కూర్చోనిచ్చినందుకు మాత్రం ఆ దేవుడికి రోజూ కృతజ్ఞత చెప్పుకుంటాను. ఇప్పుడా ఒడ్డున సెలవొస్తే జనమే జనం, కూత వినబడేంత నిశ్శబ్దమే లేదు. ఈ కార్తీకంలో స్నానానికి పోయినప్పుడు తడి ఇసుకలో ఒక్క పిట్ట మేస్తూ కనబడినా, దాన్ని లేపకుండా కాస్త చుట్టు తిరిగి వెళ్ళండి. వెళ్తూ మా అత్తను తలుచుకోండి.