నీలి లైటు వేయని రోజు

భద్రాచలంలో ఒక చిన్న మిషన్ కంటి ఆస్పత్రిలో నేను టెక్నీషియన్‌ని. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. డాక్టరుగారు ఖమ్మం నుంచి వారానికి ఒక్కరోజే వచ్చేవారు. మిగతా రోజుల్లో చూపు పరీక్షలు, కళ్లజోళ్లు నా పని. మందులివ్వడం నా పని కాదు. కానీ గూడేలవాళ్లు నన్నే డాక్టరనేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. ఆ పిలుపు నాకు తెగ నచ్చేది.

వరికోతలప్పుడు ఒక కోయ ఆమె వచ్చింది. కుడికన్ను చింతనిప్పులా ఉంది. వడ్లగింజ ఎగిరి కంట్లో పడిందని, అత్త నాలుకతో తీసిందని చెప్పింది. మా వైపు అది మామూలే. అలవాటున్న ముసలామె ఎవరైనా నాలుక కొసతో కనుగుడ్డు తుడిచి నలుసు బయటకు తెస్తుంది.

"నాలుకతోని తీస్తరా ఎవరన్నా? కండ్లు గిట్లనే పోతయి!" అని నోటికొచ్చినట్టు తిట్టాను.

తిట్టడం కాదు నేను చేయాల్సింది. కంట్లో రంగు కాగితం అద్ది నీలి లైటు వేస్తే, నల్లగుడ్డు మీద పుండున్న చోట పచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పని. నేనెక్కాల్సిన కొత్తగూడెం బస్సుకు టైమైపోతోంది. కండ్లకలకే అనుకుని, ఎరుపు త్వరగా తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెట్టి పంపేశాను. పుండున్న కంట్లో అవి వేస్తే పుండు లోపల్లోపలే ముదురుతుందని నాకు బాగా తెలుసు.

నాలుగు రోజులకు ఎరుపు తగ్గిందని కబురొచ్చింది, కబురుతో పాటు ఒక సీసా తేనె కూడా. ఇంట్లో గొప్పగా చెప్పుకుని మరీ తిన్నాను.

మూడు వారాల తర్వాత, డాక్టరుగారు ఉన్న రోజు, ఆమె కన్ను మూసుకుని వచ్చింది. నల్లగుడ్డు మీద తెల్లటి పుండు, అంచులు చెదిరిపోయి ఉన్నాయి. డాక్టరుగారు దాన్ని గీకి, గాజుపలక మీద రాసి మైక్రోస్కోపులో చూశారు. ఫంగస్.

"ఈ స్టెరాయిడ్ ఎవరిచ్చారు?" అన్నారు, ఆమె తెచ్చిన ఖాళీ సీసా పట్టుకుని.

"ఊళ్లో ఆర్‌ఎంపీ ఎవరో ఇచ్చి ఉంటాడు సార్" అన్నాను. ఆమె నా వైపు చూసింది.

గంటకోసారి చుక్కలు వేయాలని ఆమెను వార్డులో ఉంచారు. చాలా రోజులు నేనే వేశాను. పుండు మానింది గానీ కంట్లో పువ్వు మిగిలింది. వెలుగు, చీకటి తప్ప ఆ కంటికి ఇంకేమీ తెలియదు. ప్రతి ఆదివారం చర్చిలో దేవుణ్ణి క్షమించమని అడిగాను. మంచం పక్కనే నిలబడి కూడా ఆమెను మాత్రం అడగలేకపోయాను. నేను పిరికివాణ్ణి.

ఇంటికి వెళ్లే రోజు ఉండబట్టలేక అడిగాను: "ఆ చుక్కలు నేనిచ్చిన్నని పెద్ద సారుకు ఎందుకు చెప్పలే?"

"నీ మందుతోని ముందుగాల ఎరుపు తగ్గింది గద సారూ. నీ పేరు జెప్తే నిన్ను తిడ్తడని" అంది. ఆగి, గొంతు తగ్గించింది. "నాలుకతోని తీస్తే కండ్లు పోతయని నువ్వే జెప్తివి గద. మా ఆయన తల్లితోని మాట బంద్ జేసిండు. ఆమె చేతి కూడు గూడ ముడ్తలేడు. ముసల్ది ఒక్కతే కూసొని ఏడుస్తంది."

తప్పు ఆ ముసలామెది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. వరండాలో డాక్టరుగారి చెప్పుల చప్పుడు వినిపించింది.

"జాగ్రత్తగ పో అమ్మా" అని మందుల చీటీ ఆమె చేతికిచ్చాను.