కొబ్బరినూనె రాసిన ట్రాంబోన్

ఆ రోజుల్లో నాకు ఊపిరి ఎక్కువ, బుర్ర తక్కువ. పగలు కెనడాలోని విండ్సర్‌లో కార్ల ప్లాంట్‌లో ఉద్యోగం, సాయంత్రాలు ట్రాంబోన్. అదేం వాయిద్యమని అడిగితే (మనవాళ్ళందరూ అడిగేవారు) "స్లైడు అనే గొట్టాన్ని ముందుకీ వెనక్కీ లాగుతూ ఊదే పొడుగాటి బాకా" అనేవాణ్ణి. మా ఊరి బిగ్ బ్యాండ్ అనే జాజ్ బృందంలో ట్రాంబోన్ కుర్చీ ఒకటి ఖాళీ అయింది. దాని లీడర్‌ని మీసాలు చూసి అందరూ చాటుగా గండుపిల్లి అనేవారు. ఆయన, "శనివారం కచేరీలో వాయించు. నచ్చితే కుర్చీ నీది, లేకపోతే ఇంటికే" అన్నాడు. ఆ కుర్చీ కోసం తిండి మానేసి సాధన చేశాను.

అప్పట్లో మా పిన్ని ఇంట్లో ఉండేవాణ్ణి. తలనొప్పి వచ్చినా, తలుపు కిర్రుమన్నా ఆవిడకి కొబ్బరినూనే మందు. సరిగ్గా శనివారంనాడు స్లైడుకి రాసే నూనె అయిపోయి నేను నెత్తి పట్టుకుంటే, "దానికింత గొడవేంట్రా, ఇలా తే!" అని వెచ్చగా కరిగించిన కొబ్బరినూనె దట్టంగా పట్టించింది. లాగి చూస్తే, ఆహా, ఏం జారుడు! "చూశావా? మీ దొరల నూనెలన్నీ దండగ" అంది.

జనవరి నెల. ట్రాంబోన్ కారు డిక్కీలో, పిన్ని నా పక్క సీట్లో. దారంతా మంచు, ఆలస్యమైపోయింది. నేను స్టేజి మీద కూర్చోవడం, గండుపిల్లి చెయ్యెత్తడం ఒక్కసారే జరిగాయి. మొదటి పాటలోనే నేనొక్కణ్ణే వాయించాల్సిన సోలో. లేచి స్లైడు లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. ఊహూఁ! చలికి కొబ్బరినూనె గడ్డకడుతుందని తెలుగుదేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు, ఆ రోజు మా ఇద్దరికి తప్ప. చచ్చాంరా దేవుడా అనుకుని, పెదవులు బిగిస్తూ వదులుతూ పలికించగలిగిన నాలుగైదు స్వరాలతోనే, చెమటలు కక్కుతూ సోలో మొత్తం లాగించేశాను.

ముందు వరసలో పిన్ని పక్క ఆంటీతో, "మావాణ్ణి చూడండి, చెయ్యి కదపకుండానే వాయించేస్తున్నాడు. మిగతావాళ్ళు పాపం ఎంత ఆయాసపడుతున్నారో!" అందట.

కచేరీ అయ్యాక గండుపిల్లి నా స్లైడుని వాసన చూసి మీసాల్లో నవ్వాడు. "చేతికి దొరికినంతతోనే పాట ముగించావు. కుర్చీ నీదే. ఈసారి మాత్రం స్లైడు కూడా వాడు" అన్నాడు. కారెక్కగానే సంతోషంతో ఏడ్చేశాను. "నే చెప్పలా? అంతా నూనె మహిమ!" అంది పిన్ని. నిజం మింగేసి, తలూపి కారు స్టార్ట్ చేశాను.

ఆ కుర్చీ పుణ్యమా అని ఉద్యోగం మానేసి, బ్యాండ్‌లతో కెనడా అంతా తిరిగాను. ఇప్పటికీ ప్రతి టూరుకీ పిన్ని నా బ్యాగులో ఒక సీసా పెడుతుంది. ఫోన్ చేసి, "బాగా పట్టించావా?" అని అడుగుతుంది. "పట్టించాను పిన్నీ" అంటాను, తల నిమురుకుంటూ. అబద్ధం కాదు, ఆ నూనె తలకి పట్టిస్తాను. (అక్కడా ఇప్పుడు జుట్టు పెద్దగా మిగల్లేదు.) సీసా అక్కర్లేదని మాత్రం ఎప్పటికీ చెప్పను.