సూది పడని కార్డు

నిన్న పటాన్‌చెరులో రక్తపరీక్షకు వెళితే, స్పిరిట్‌లో ముంచిన దూది మోచేతి మడతలో చల్లగా తగిలింది. ఆ వాసనకు సాజిదా ఆపా గుర్తొచ్చింది. బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో, ప్రథమచికిత్స గదికి ఆమె పెద్ద నర్సు. నేను ఆమె దగ్గర చేరిన కొత్త నర్సుని, అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. ఆమెది సంగారెడ్డి. మా నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆపా ఎవరి మాటా ఊరికే నమ్మేది కాదు. కార్మికుడెవరైనా కళ్ళల్లో దుమ్ము పడిందంటే, ఏ డ్రమ్ము మూత తీశావని అడిగేది. వాళ్ళు విసుక్కునేవారు. చాలాసార్లు అది దుమ్ము కాదు, రసాయనమని తేలేది.

రోజంతా కళ్ళు కడగడం, కట్లు కట్టడంతో నాకు విసుగు పుట్టింది. ఆఫ్రికాలో ఒక పల్లె ఆసుపత్రికి స్వచ్ఛందంగా పనిచేసే నర్సులు కావాలని ఫోన్‌లో చూసి రాశాను. ఒకాయన వెంటనే పలికాడు. టూరిస్టు వీసా చాలన్నాడు. విమానాశ్రయంలో అడిగితే ఊళ్ళు చూడ్డానికి వచ్చానని చెప్పమన్నాడు. అక్కడ దిగాలంటే చూపించాల్సిన పసుపు జ్వరం టీకా కార్డు ఇంటికే పంపిస్తానన్నాడు. సంబరంగా ఆపాకు చెప్పాను.

“సూది పడకుంట కార్డెట్లొస్తది బేటా?” అంది ఆమె.

“అక్కడ అందరికీ అలాగే ఇస్తారట ఆపా.”

“పుణ్యం పనికి పోతున్నవ్. పోయేటప్పుడే అబద్ధం ఎందుకు చెప్పమంటున్నడు?”

నా అనుమానం ఆయన మీద కాకుండా ఆపా మీదికి మళ్ళింది. నేను వెళ్ళిపోతే రెండు షిఫ్టులూ ఆమె మీదే పడతాయి. అందుకే అడ్డుపడుతోందనుకున్నాను. మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు ఉత్తరం కావాలని ఆయన అడిగినప్పుడు ఆ అనుమానం గట్టిపడింది. ఆపా కలం తీసి ఉన్నదున్నట్టు “ఒక సంవత్సరం ఎనిమిది నెలలు” అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. బతిమాలినా మార్చలేదు. వారం రోజులు నేను ఆమెతో సరిగా మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా కూడా వేరే బల్ల మీద విప్పుకున్నాను.

కోపంతోనే ఆ ఉత్తరం ఫొటో ఆయనకు పంపాను. “ఫర్వాలేదు, అంకె మేమే మార్చుకుంటాం. సంతకం స్పష్టంగా ఉంది, అది చాలు” అని జవాబొచ్చింది. వాళ్ళు మార్చబోయేది ఆపా సంతకం ఉన్న కాగితం.

ఫోన్ తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఆయన పంపిన ఆహ్వానపత్రం మీది నంబరు వదిలేసి, ఆమె ఆ ఆసుపత్రి నంబరు వేరుగా వెతికించింది. ఫోన్ ఎత్తిన ఆవిడ, ఆయన పేరు తామెప్పుడూ వినలేదంది. పనిచేయాలంటే అక్కడి నర్సుల మండలి దగ్గర తాత్కాలిక నమోదు, ఆ పనికి తగిన అనుమతి ఉండాలంది. కిష్టారెడ్డిపేట నుంచి ఆయన పంపే నర్సుల జట్టులో చేరిన స్వప్నకు అప్పుడే చెప్పాను. ఆ అమ్మాయి నమ్మలేదు, వెళ్ళింది. అక్కడి విమానాశ్రయంలోనే ఆపి, రెండు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి తిప్పి పంపారు.

మరుసటి ఏడు నేను నేరుగా ఆ ఆసుపత్రికే రాసుకున్నాను. నమోదుకీ అనుమతికీ ఏడు నెలలు పట్టింది. ప్రయాణానికి పది రోజుల ముందే టీకా పడాలని ఆపా నన్ను తొందరపెట్టి పంపింది. టీకా వేయించుకుని వచ్చాక నా కార్డు తీసుకుని, తేదీ, ముద్ర, మందు బ్యాచ్ నంబరు వేలుపెట్టి చదివింది.

నా ఆఖరి డ్యూటీ రోజున గేటు దగ్గర కంపెనీ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆపా హఠాత్తుగా అంది: “అప్పుడు నా మీద గుడ అనుమానపడ్డవ్ గదా?”

తలదించుకున్నాను. అవునన్నాను.

“పడు, తప్పులేదు. గని లోపల పెట్టుకున్నవ్ సూడు, గదే తప్పు. నన్నే అడిగుంటే చెప్తుంటి గదా.”

ఆఫ్రికాలో దిగాక విమానాశ్రయంలో అధికారి ఎందుకొచ్చావని అడిగాడు. జీతం లేకుండా నాలుగు నెలలు పనిచేయడానికి అని చెప్పాను. నా అనుమానాలు ఇప్పటికీ తగ్గలేదు. అయితే ఎవరి మీద పడితే వాళ్ళనే వెళ్ళి అడుగుతున్నాను.