గ్రేస్ అక్కని ఎవరూ అడగలేదు

హోటల్ మీటింగ్ హాల్లో పెద్ద స్టీలు పాత్రలో మరిగి మరిగి మాడిన కాఫీ వాసన తగిలితే, ఇన్నేళ్లయినా నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాదు. మొన్న ఒక సదస్సులో ఊరికే లేచి తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. గ్రేస్ అక్క గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను కొత్త ఇంజనీర్‌ని, ఆవిడ సీనియర్. బాపట్ల మనిషి. ఆదివారం తెలుగు చర్చిలో పాటలు పాడించేది, తక్కిన వారమంతా నా వెంటపడేది. "తలొంచుకుని పనిచేస్తూ కూర్చుంటే నీ పేరు నీ బాస్‌కి తప్ప ఎవరికీ తెలీదమ్మాయ్. డ్రైవ్ నేను చేస్తాగా, రా" అని హోటల్ హాల్లో జరిగే ఇంజనీర్ల సంఘం నెలవారీ డిన్నర్‌కి లాక్కుపోయేది. నాకేమో ఒళ్లు మండేది. లేఆఫ్‌లు వస్తాయని పుకార్లు, గ్రీన్‌కార్డ్ చూస్తే సగంలో ఉంది. ఇలాంటప్పుడు చప్పటి చికెన్ ముందు కూర్చుని ఎవరి ఉపన్యాసమో వినడమేమిటని విసుగు.

ఒకసారి సంఘం అధ్యక్షుడు మా బల్ల దగ్గరికొచ్చి, వచ్చే ఏడాది వక్తల్ని పిలిచే బాధ్యత తీసుకుంటావా అని నన్నడిగాడు. లోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం "అయ్యో, నాకేం తెలుసని" అన్నాను. ఆయన థాంక్స్ చెప్పి, గ్రేస్ అక్కని దాటి, ఆ పక్క కుర్చీలో ఉన్న అతన్ని అడిగాడు. అతను ఓకే అన్నాడు. అంతే, అయిపోయింది.

కార్లో అక్క స్టీరింగ్ మీద ఒక్కటి చరిచింది. "మళ్లీ అడుగుతాడనుకున్నావా?"

"అవునక్కా. మొదటి మాటకే సరేనంటే ఏం బావుంటుంది?"

"అన్నం వడ్డించేటప్పుడే బతిమాలరిక్కడ, పదవికి బతిమాలతారా? నో అంటే నో. నన్నయితే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు, తెలుసా?" అంటూ కారు స్టార్ట్ చేసింది.

కొన్ని నెలలకే నా ఉద్యోగం పోయింది. గ్రీన్‌కార్డ్ కూడా పోయినట్టేనన్న భయంతో ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. సంఘం మీటింగ్ రోజు సాయంత్రం బయట అక్క కారు హారన్ మోగింది.

"ఏ మొహం పెట్టుకుని రానక్కా?"

"ఉన్న మొహమే. చీర మార్చుకుని రా."

వక్తల పని చూసే అతను వేరే ఊరు వెళ్లిపోతున్నాడని, బదులు ఎవరైనా కావాలని ఆ రోజు అధ్యక్షుడు ప్రకటించాడు. ఆయన మాట పూర్తికాకముందే నా చెయ్యి లేచింది. ఆ పని మీద చుట్టుపక్కల కంపెనీలన్నిటికీ ఫోన్లు చేశాను. ఒక మేనేజరు అన్నీ విని, "ఇంతకీ మీరెక్కడ పనిచేస్తారు?" అన్నాడు. ప్రస్తుతం ఎక్కడా లేదన్నాను. రెజ్యూమె తెమ్మన్నాడు. ఉద్యోగమిచ్చి గ్రీన్‌కార్డ్ కాగితాలు మళ్లీ మొదలుపెట్టించింది ఆయనే.

కొన్నేళ్లకు నేనే ఆ సంఘానికి అధ్యక్షురాలినయ్యాను. మొదటి సమావేశంలోనే, ఉపాధ్యక్షురాలిగా ఉంటారా అని గ్రేస్ అక్కని వేదిక మీంచి అడిగాను. నాకన్ని పాఠాలు చెప్పిన మనిషి, అందరి ముందూ చెయ్యి అడ్డంగా ఊపి, "అబ్బే, నాకెందుకమ్మా ఇప్పుడు" అంది తెలుగులో. కార్యదర్శి ఇంకో పేరు చదవబోయాడు. అతన్ని ఆగమని మళ్లీ అడిగాను. అక్క లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుంటూనే "యెస్" అంది.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఎవరైనా వద్దంటే నేను ఇప్పటికీ వెంటనే పక్కవాళ్ల వైపు తిరగలేను. కాసేపు వాళ్ల దగ్గరే నిలబడతాను.