పేరు చెబితే యుద్ధమే

ఎవరైనా పేరు చెబితే చాలు, అదే పేరున్న రాజునో రాణినో ఊరినో ఓడనో చరిత్రలోంచి చెవి పట్టుకుని లాక్కొచ్చేవాడు దర్జీ మామయ్య. ఉన్నన్నాళ్ళూ ఆయనకి వేరే దురలవాటు లేదు. ఈ ఒక్కటే ఇంటిల్లిపాదికీ సరిపోయింది.

కొలతలకి ముందు పేరు అడగాలి కదా, అక్కడ మొదలయ్యేది. టేపు నడుం చుట్టూ బిగించి, "ఆహా! మీ పేరుగల రాజు ఒకాయన కోటలో చిక్కుకుపోయాడండీ" అని ఆగేవాడు. ముట్టడి తెమిలేదాకా ఆ పెద్దమనిషి ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాడు. తీరా కుట్టిన ప్యాంటు ఆయనకి పట్టేది కాదు.

"రాజు గెలిచాడు గానీ నా బొత్తాం ఓడిపోయిందయ్యా!" అని ఆయన ప్యాంటు తెచ్చి పడేస్తే, అత్తయ్య కూర్చుని కుట్లు విప్పేది.

"యుద్ధం అయ్యాక కొలవచ్చుగా?"

"అప్పటికి ఆయన వెళ్ళిపోతాడే!"

మేనకోడలికి మాత్రం ఇది నవ్వులాట కాదు. ఆవిడ బడిలో చరిత్ర టీచరు. సాయంత్రాలు కొట్లో కూర్చుని మామయ్యని దిద్దేది.

"మామయ్యా, ఆ రాజు కోటలోనే పోయాడు."

"పోలేదమ్మా, సొమ్మసిల్లాడు."

"ఆ ఓడ మునిగిపోయింది!"

"బాగా తడిసింది, అంతే."

"ఆ ఊరు తగలబడి బూడిదైంది!"

"పొగ ఎక్కువ, మంట తక్కువ. ఆ సూది ఇలా అందుకో."

"నా క్లాసులో అయితే మీకు సున్నా వేసేదాన్ని!"

"వెయ్యమ్మా, బొత్తాంలా గుండ్రంగా ఉంటుంది."

అలాంటి మేనకోడలికి కడుపులో గడ్డ తేలింది. కోసి చూస్తే గానీ ఏ రకమో చెప్పలేమన్నాడు డాక్టరు. ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆవిణ్ణి చక్రాల మంచం మీద పడుకోబెట్టి, నర్సు గట్టిగా పేరు పిలిచింది.

మామయ్య ఊరుకుంటాడా? "ఈ పేరుగల రాణి ఒకావిడ ఉండేది!" అని లేచాడు.

"ఇక్కడ కూడానా!" అంది అత్తయ్య.

మేనకోడలు కళ్ళు మూసుకుంది. ఆ రాణి పాఠం ఏటా చెప్పేది తనే. పాపం, చిన్న వయసులోనే పోయింది. పొద్దుట్నుంచీ తల్లో అదే తిరుగుతోంది.

"ఎంత ముసలిదైందనుకున్నావు!" అన్నాడు మామయ్య మంచం పక్కనే నడుస్తూ. "పళ్ళన్నీ ఊడాయి. బ్రహ్మచెవుడు. కోడళ్ళని రాచిరంపాన పెట్టేది."

గొంతు ఖంగుమంటోంది గానీ, మెడలో టేపుని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతున్నాడు. అత్తయ్య వంగి మేనకోడలి చెవిలో అంది: "ఆవిడ సంగతి ఆయనకి తెలుసే. నీకు ఆపరేషన్ చెయ్యాలని తేలిన రోజునే ఆవిడ కథ చదివి, అన్నం ముందునుంచి లేచిపోయాడు."

ఓహో! సొమ్మసిల్లిన రాజూ, తడిసిన ఓడా తెలియక చెప్పినవి కావన్నమాట. ఆ పేరుగల మనిషి ఎదురుగా నిలబడి వింటుంటే, రాజుని చంపడానికి ఈయనకి నోరు రాలేదు, అంతే.

దిద్దడానికి తెరిచిన నోటితోనే టీచరు అడిగింది: "ఎంతమంది కోడళ్ళు మామయ్యా?"

"ఏడుగురమ్మా! ఒక్కత్తీ మాట వినేది కాదు."

"వాళ్ళ పేర్లు?"

ఆ మాట ఆయన్ని జన్మలో ఎవరూ అడగలేదు. మొహం చేటంత చేసుకుని, "పెద్దకోడలి పేరు..." అంటుండగానే తలుపులు మూసేశారు.

ఎందుకు నవ్వుతున్నారని లోపల మత్తు డాక్టరు అడిగాడు.

"కోడళ్ళ గొడవండీ. తొందరగా కానివ్వండి, వెళ్ళి వినాలి."

గడ్డ మామూలుదే. ఆవిడ వార్డులో కళ్ళు తెరిచేసరికి, మంచం పక్కన కుర్చీలోంచి వినిపిస్తున్న కథలో రెండో కోడలు అత్తగారి మీద అలిగి పుట్టింటికి బయల్దేరుతోంది.