చీమలు పట్టిన పాలు

నా పెద్ద బిడ్డ పుట్టి అప్పుడు ఎనిమిదో నెల నడుస్తుండె. ఇస్నాపూర్ల ఒక లైను అర్రలుండె, అండ్ల ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉన్నం. మా ఇంటాయన ఇనుప పైపులు చేసే ఫ్యాక్టరీల పనికి పోతుండె. షిఫ్టు మారితే ఆయన నిద్ర మారుతుండె, ఆయన నిద్ర మారితే నా వంట మారుతుండె. మా సంసారం అంతే.

అప్పుడు నాకు దూప మొదలైంది. ఎండకాలం దూప లెక్క కాదది. చెంబెడు నీళ్లు తాగి చెంబు కింద పెట్టకముందే మల్ల నాలుక అంటుకపోతుండె. తాగుడు, బైటికి పోవుడు, మల్ల తాగుడు. పాలిచ్చే తల్లికి దూప అయితదని అందరనిరి. నేను గూడ గట్లనే అనుకున్న.

పక్క అర్రల గుంటూరు దిక్కు నుంచి వచ్చినోళ్లు ఉండిరి. వాళ్లాయనది గూడ ఫ్యాక్టరీ పనే. ఆమె చంకల నా బిడ్డ ఈడు కొడుకు. నేను ఆమెను అక్కా అంటుంటి. నేను బింద వంచినప్పుడల్లా ఆమె గడపల నిలవడి నవ్వేది.

"ఏంటమ్మాయ్, ట్యాంకరు నీళ్లలో సగం నీ పొట్టలోకే పోతున్నాయి. మిగతావాళ్లం స్నానాలు మానేయమంటావా?"

నేను గూడ నవ్విన. నవ్వి ఇంకో గిలాస తాగిన.

ఒంటి మీద బట్టలు వదులైనయి. రయికె భుజం మీద నిలవకపోతుండె. గప్పుడే లక్డారం నుంచి మా అత్త మనుమరాలిని చూడ వచ్చింది. ఆమెవి పొలం చూసిన కండ్లు. గట్టు మీద నిలవడితే సాలు, ఏ మడి ఎండుతుందో చెప్పేస్తది. సంచి దించకముందే నన్ను కింది నుంచి మీది దాక చూసింది.

"ఏందే పిల్లా, నిన్ను తడిబట్ట లెక్క పిండిండ్రా ఎవరన్న?"

తెల్లారి పొద్దుగాల ఆమె మోరికాడికి పోయి వచ్చింది. పొయ్యికాడ నా పక్కన గొంతు కూసున్నది.

"ఇంతకుముందు మోరికాడ ఒంటికి పోయింది నువ్వేనా?"

"అవునత్తా."

"ఆడ చీమలు బారు కట్టినయి."

మా ఇంటాయన షిఫ్టు దిగి రాంగనే ఆయనను చాయ్ గూడ తాగనియ్యకుంట నాతోని దవాఖానకు తోలింది.

దవాఖానల రక్తం తీసిండ్రు. కూసోమన్నరు. చాలసేపటికి డాక్టరమ్మ లోపలికి పిలిచి, "షుగరుందమ్మా, చాలా ఎక్కువుంది. గోలీలతోని కాదు, రోజూ సూది వేసుకోవాలె" అన్నది.

మా ఇంటాయన అడిగిండు. "ఎన్ని దినాలు మేడం?"

"ఎప్పటికీ."

ఆయన చేతులున్న ఫ్యాక్టరీ టోపీని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.

గప్పుడు నీకేమనిపిచ్చింది అని తర్వాత చాలామంది నన్ను అడిగిండ్రు. ఏం అనిపియ్యలె. గోడ మీద ఒక బల్లి ఉండె. దాని తోక తెగి, కొత్తది పొట్టిగ మొలుస్తుండె. నేను దాన్నే చూసిన. బువ్వ తగ్గియ్యాలె, చక్కెర బంద్ చెయ్యాలె, కాళ్లు పైలంగ చూసుకోవాలె అని డాక్టరమ్మ చెప్తుంటే, పక్కింట్ల రేడియో మోగినట్టు వినొచ్చింది. నాకు ఎరికైన షుగరోళ్లంత నెత్తి నెరిసినోళ్లు. నాకు ఇంకా ఇర్వై రెండు నిండలె. బస్సుల కిటికీకాడ కూసొని వచ్చిన. చంకల బిడ్డ పాలు తాగుకుంటనే నిద్రపోయింది.

సూది ఎట్ల వేసుకోవాల్నో కంపౌండరు చూపిచ్చిండు. గాజు సూది, రోజూ నీళ్లల్ల మరగబెట్టాలె. మందు సీసను సల్లగ ఉంచాలన్నడు. మా లైన్ల ఎవరింట్ల ఫ్రిజ్జు లేదు. అత్త కొత్త ముంత తెచ్చి, అండ్ల ఇసుక పోసి, తడిపి, సీసను నడుమ పెట్టి మీద తడిబట్ట కప్పింది. పొద్దుగాల ఒక పొయ్యి మీద చాయ్, ఇంకో పొయ్యి మీద సూది గిన్నె. తొడకు పొడుచుకుంటుంటి. ఎవరి తొడనో పొడిచినట్టుండె.

మా అత్త ఊరికి పోలె. నా పక్కనే ఉండి ఏదో లెక్క కట్టినట్టు నన్నే చూస్తుండె. ఒకనాడు బిడ్డను ఒళ్లకు తీసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"పాలియ్యకు దానికి."

"ఎందుకత్తా?"

"నీ ఒంట్లంత సక్కెరేనాయె. పాలల్లకు దిగదా? తాగి తాగి రేపు ఈ పోరికి గూడ సూదులే అయితే ఏం చేస్తవు?"

నేను బిడ్డను వదలలె. నమ్మలేదనుకున్నదో ఏమో, స్టీలు డబ్బా మూత నా చేతికిచ్చి, జెరన్ని పాలు పిండమన్నది. ఆ మూత తీసుకపోయి గడప బైట గోడ పక్కకు పెట్టింది. ఇద్దరం కూసొని చూసినం. ముందుగాల ఒక చీమ వచ్చింది. అది పోయి ఇంకిన్నిటిని తోలుకొచ్చింది. జెరసేపటికి మూత అంచు చుట్టు నల్లపూసల దండ ఏసినట్టయింది.

"సూడు" అన్నది అత్త.

చూసిన. అవి నా పాలు. ఇన్ని దినాలు నేను నా బిడ్డకు తాపింది అదే. ఏడుపొస్తదేమో అని ఎదురుచూసిన. రాలె.

మా ఊర్లల్ల పిల్లలకు పాలు మానిపియ్యనీకె వేపాకు నూరి రొమ్ముకు రాస్తరు. అది రెండేండ్లు నిండిన పిల్లలకు చేసే పని. అత్త నూరి ఇచ్చింది, నేను రాసుకున్న. బిడ్డ ఎప్పటి లెక్క పాక్కుంట వచ్చి నోరు పెట్టింది. మొఖం ముడిచింది. తలకాయ ఎత్తి నా మొఖం చూసింది. మల్ల నోరు పెట్టింది. మల్ల చేదే. అది ఏడ్వలె. నేనేదన్న చెప్తనేమో అన్నట్టు నా దిక్కే చూసుకుంట ఉన్నది.

బర్రెపాలల్ల నీళ్లు కలిపి అత్త చెంచాతోని పోస్తుండె. బిడ్డ సగం మింగి సగం కక్కుతుండె. దాని బుగ్గలు దిగినయి. నా రొమ్ములు రాయి లెక్కయినయి. రయికె తడిసేది, ఆరేది, అట్టగట్టేది. ఒళ్లు కాలుతుంటే గూడ నేను అన్నం వండిన, బట్టలు పిండిన. అన్ని పనులు చేసిన. ఏ పని చేసిన్నో అడిగితే నాకే యాదిలేదు.

రొమ్ముకు మల్లెపూలు కడితే పాలు ఇంకుతయని అత్త చెప్తే, మా ఇంటాయన పటాన్‌చెరు అంగడి నుంచి పొట్లం తెచ్చిండు. పక్కింటక్క ఆ పొట్లం చూసింది.

"అబ్బో! మీ ఆయన మల్లెపూలు తెచ్చాడే. ఏంటి సంగతి?"

"తలకు కాదక్కా" అన్న.

ఆమె నవ్వు ఆగిపోయింది. నా రయికె చూసింది, నొసటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఎందుకు మానిపిస్తున్నావు?"

"నా పాలకు చీమలు పట్టినయి."

చీమల సంగతి, మూత సంగతి అంత చెప్పిన. ఆమె కొడుకును నా ఒళ్లె కూసోబెట్టి, సక్కగ మా అత్తకాడికి పోయింది.

"పిన్నిగారూ, నాకు షుగరు లేదు కదా. వీడి కాన్పప్పుడు పరీక్షలన్నీ చేశారు."

"లేకుంటే మంచిదేనాయె. దానికేందిప్పుడు?"

"ఇంకో మూత ఇవ్వండి."

ఆమె గోడ దిక్కు తిరిగి పాలు పిండింది. నన్ను గూడ పిండమన్నది. రెండు మూతలు పక్కపక్కకు పెట్టి ముగ్గురం కూసున్నం. చీమలు వచ్చినయి. ముందుగాల ఆమె మూతకే పోయినయి.

"అగో, మీ దిక్కు చీమలు గావొచ్చు. మీ పాలే ముందు తాగుతున్నయి" అన్నది అత్త.

"మీ చీమలకి మర్యాద తెలుసు పిన్నిగారూ, బయటూరి వాళ్లకి ముందు" అన్నది అక్క.

అత్త నవ్వలె. తర్వాత నా మూత గూడ నల్లగయింది. రెండు ఒక్కతీరుగనే ఉన్నయి. అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని చాలసేపు చూసింది. ఆఖరికి, "రేపు నేను గూడ వస్త దవాఖానకు" అన్నది.

వచ్చింది. బల్ల ముందల నిలవడి తనే అడిగింది. "మేడం, తల్లికి సక్కెర బీమారుంటే బిడ్డకు పాలు తాపొచ్చునా?"

"తాపాలె. ఎవరు వద్దన్నరు?"

"నేనే అన్న."

డాక్టరమ్మ ఆమెను తిట్టలె. తల్లిపాలు ఎవరివైనా తీయగనే ఉంటయన్నది. పాల నుంచి బిడ్డకు షుగరు అంటుకోదన్నది. "కాని పాలిచ్చినప్పుడు ఈమెకే షుగరు పడిపోతది. చెమటలు పడ్తయి, వణుకొస్తది. ముందుగాల ఏదన్న తిని ఇయ్యాలె." జ్వరానికి గోలీలిచ్చింది. పాలు తగ్గినా బిడ్డకు పెడుతుంటే మల్ల వస్తయన్నది.

ఇంటికి వచ్చి సబ్బు పెట్టి కడుక్కున్న. ఉడుకునీళ్లు పోసుకున్న. బిడ్డను ఒళ్లకు తీసుకున్న. నా బిడ్డ నన్ను చూసి నోరు మూసుకున్నది. అరచెయ్యి నా రొమ్ము మీద పెట్టి నూకింది.

"దానికి యాదున్నది" అన్నది అత్త. ఆ మాట అని బైటికి పోయింది, చానసేపు లోపలికి రాలె.

మర్నాడు గూడ గంతే. ఆ మర్నాడు గూడ. ఇగ తాగదేమో అనుకున్న. అట్ల అనుకున్నప్పుడు గూడ, ఎవరింటి ముచ్చటనో అనుకున్నట్టే ఉండె. పక్కింటక్కనే ఉపాయం చెప్పింది. మెలకువగ ఉన్నప్పుడు పెట్టకు, నిద్రమత్తుల పెట్టు, నిద్రల వేపాకు గుర్తుండదన్నది.

మధ్యాహ్నం. మా ఇంటాయన షిఫ్టు దిగొచ్చి గోడ దిక్కు తిరిగి పండిండు. బైట ట్యాంకరు ఆగింది, బిందెల చప్పుడు. బిడ్డ కండ్లు మూతపడుతుంటే కుడి దిక్కు పెట్టిన. తలకాయ తిప్పింది. ఆ దిక్కు మల్ల పాలు రానే రాలె. ఎడమ దిక్కు మలిపిన. పెదిమెలు ఆనిచ్చి ఆగింది. జెరసేపైనంక గుటక చప్పుడు వినబడ్డది. ఒక్కటి. తర్వాత ఇంకోటి.

సంతోషం వెంటనే రాలె నాకు. కాళ్లు తిమ్మిరెక్కినయి. కదిలితే వదిలేస్తదని కదల్లె. అత్త పొయ్యికాడి నుంచి మమ్ములను చూసింది. జొన్నరొట్టె తుంచుకొచ్చి, నా చేతులు ఖాళీగ లేవని, తనే నా నోట్ల పెట్టింది.

"నములు. డాక్టరమ్మ ఏం చెప్పింది? దాని పని అది చేస్తుంది, నీ పని నువ్వు చెయ్యి."

నమిలిన. "రొట్టె మాడింది అత్తా" అన్న మెల్లగ.

"మాడితే మాడె. మిమ్ములను చూసుకుంట పెనం మర్చిపోయిన" అని ఇంకో తునక తుంచింది.